ఆ రూలు అందరికీనా, మాకేనా?

ఈ నెల వీసా ఫారాల గురించీ, ఆవకాయ సీసా ఏ బ్యాగులో పెట్టాలన్న దాని గురించీ వచ్చిన ఉత్తరాలు పక్కన పెట్టేశాను. కిందటి సంచికలో ఒకావిడ, మిలాన్ రైల్లో తాను కూర్చోగానే పక్క సీటామె బ్యాగు తీసుకుని లేచి వెళ్ళిపోయిందని రాసింది కదా. అది అచ్చయిన దగ్గర్నుంచి అలాంటివే వరసగా వచ్చి పడ్డాయి. దాదాపు అందరూ ‘ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు’ అని రాశారు. గ్రూపులు వెంటేసుకుని దేశాలు తిరిగినన్నాళ్ళూ బస్సు వెనక సీట్లలో నేనూ ఈ మాట వింటూనే ఉన్నాను. అందుకని ఈసారి పేజీలన్నీ పరాయి దేశాల్లో ఎదురయ్యే ఈ వివక్ష సంగతికే.

మేం ముప్పై మందిమి గ్రూపుగా స్విట్జర్లాండ్ వెళ్ళాం. హోటల్లో పొద్దున టిఫినుకి మమ్మల్ని బేస్‌మెంటు హాల్లోకి పంపారు. పైన అద్దాల హాల్లో తెల్లవాళ్ళు తింటున్నారు. కింద గోడ మీద ‘భారతీయ అతిథులు ఆహారం బయటకు తీసుకుపోరాదు’ అని ఇంగ్లిషులో అంటించారు. మా ఆవిడేమో ‘మనవాళ్ళు బ్రెడ్డు సంచుల్లో వేసుకోవడం మీరు చూడలేదా, వాళ్ళనేం లాభం’ అంది. ఊరంతా మాస్టారూ అని లేచి నిలబడే మనిషిని, ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఇది జాతి వివక్షా, మన స్వయంకృతమా?
— రిటైర్డ్ హెడ్మాస్టరు, కాకినాడ

మాస్టారూ, హాలు సంగతి వేరు, కాగితం సంగతి వేరు.

ముందు హాలు చూద్దాం. గ్రూపు రేటుకి గదులిచ్చేటప్పుడు టిఫిను ఎన్నింటికి, ఎక్కడ అన్నది కూడా హోటలువాళ్ళు ముందే మాట్లాడుకుంటారు. బస్సు ఏడున్నరకి కదలాలి. యాభై మంది ఒక్కసారి దిగుతారు. కాఫీ మిషనేమో ఒక్కటే. అందుకని గ్రూపులకి వేరే హాలు పెట్టడం చాలాచోట్ల మామూలే. ఒక్కోసారి మన టూరు కంపెనీలే ‘మావాళ్ళలో జైనులున్నారు, వేరే కౌంటరు పెట్టండి’ అని అడిగి మరీ పెట్టించుకుంటాయి. కాబట్టి మొదట అడగాల్సింది మీ టూరు మేనేజర్ని. ఇంకో బస్సులో వచ్చిన కొరియావాళ్ళూ, జర్మన్ పెన్షనర్లూ కూడా కిందే తింటున్నారా? తింటుంటే అది వ్యాపారం. వాళ్ళంతా పైన, మనం మాత్రమే కింద అయితే దానికి పేరు మీరే రాశారు.

కాగితం విషయంలో మాత్రం నాకు అనుమానమే లేదు. 2019లో గ్స్టాడ్ అనే స్విస్ ఊళ్ళో ఒక హోటలు ఇలాంటి నోటీసే పెట్టింది. బఫే నుంచి తిండి పట్టుకెళ్ళొద్దు, ఇచ్చిన చెంచాలే వాడండి, కారిడార్లలో నెమ్మదిగా మాట్లాడండి అని రాశారు. పారిశ్రామికవేత్త హర్ష్ గోయెంకా దాన్ని ట్విటర్లో పెట్టేసరికి గొడవైంది. మనవాళ్ళే చాలామంది ‘నిజమే కదా, మనకి పద్ధతి తెలీదు’ అని చెంపలేసుకున్నారు. ఆ రూళ్ళలో ఏదీ అన్యాయమైంది కాదు. అన్యాయమంతా పై వరసలో ఉంది, ‘భారతదేశం నుంచి వచ్చిన అతిథులకు’ అన్న పిలుపులో. ఉత్త ‘అతిథులకు’ అని ఉంటే ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. అంతకు రెండేళ్ళ ముందు, 2017లో, ఆరోసా అనే ఇంకో స్విస్ ఊళ్ళో ఒక వసతిగృహం, యూదు అతిథులు స్నానం చేశాకే ఈతకొలనులో దిగాలని కాగితం అంటించి దేశదేశాల్లో అల్లరిపాలైంది. స్నానం చేసి దిగడం ఎవరికైనా మంచిదే. మరి ఒక్కళ్ళ పేరే ఎందుకు రాసినట్టు?

మీ ఆవిడ గారు చెప్పిందీ అబద్ధం కాదు. ఉడకబెట్టిన గుడ్లూ, జామ్ డబ్బాలూ, క్రసాంట్లూ నేప్కిన్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులోకి జారవిడిచే చేతుల్ని నేను బోలెడు చూశాను. వాటిలో మనవీ ఉన్నాయి, మనవి కానివీ ఉన్నాయి. చుట్టినవాడి దగ్గరికెళ్ళి, ‘అయ్యా, ఇది వద్దు’ అని చెప్పొచ్చు. చుట్టనివాడి మొహాన కాగితం అంటించడం వేరే పని.

ఇక అడగడం ఎలాగంటే, పొద్దున అడక్కండి. ‘మేనేజరు పదింటికి వస్తారు’ అంటారు, ఎనిమిదికి మీ బస్సు వెళ్ళిపోతుంది. రాత్రి భోజనమయ్యాక, కౌంటరు ఖాళీగా ఉన్నప్పుడు, ఇద్దరు వెళ్ళండి. గుంపుగా వద్దు. గొంతు పెంచకండి. ఒక్కటే అడగండి: ‘ఈజ్ దిస్ రూల్ ఫర్ ఆల్ గెస్ట్స్, ఆర్ ఓన్లీ ఫర్ ఇండియన్స్?’ అంతే, ఆపేయండి. మీరు ‘వియ్ ఆర్ రెస్పెక్టబుల్ పీపుల్’ అని మొదలెడితే, మీ మర్యాదకి మీరే సాక్ష్యం చెప్పుకుంటున్నట్టవుతుంది. ఆ అవసరం మీకు లేదు. జవాబు చెప్పాల్సింది వాళ్ళు.

ఇంటర్‌లాకెన్ దగ్గర ఒక హోటల్లో నేనిలా అడిగితే కౌంటరులో కుర్రాడు ‘మిగతావాళ్ళు అలా చేయరు కదా’ అన్నాడు. ‘ఆ మాట మీ హోటలు లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టివ్వండి, ఇండియాలో మా ఆఫీసుకి పంపుతాను’ అన్నాను. పెన్ను తీశాడు, క్యాపు తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. పొద్దున దిగి చూస్తే గోడ మీద టేపు మరకలే ఉన్నాయి. ఎవరూ సారీ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇంకో ఊళ్ళో ఇంతకంటే బాగా అడిగాను. కాగితం కదల్లేదు. ఆ హోటలుకి తర్వాత గ్రూపుని తీసుకెళ్ళలేదు. హోటలుకి మీ మనసు కష్టం కంటే వచ్చే వేసవి బుకింగులే ముఖ్యం, ఆ తాళం మీ టూరు కంపెనీ చేతిలో ఉంటుంది. కాబట్టి ఊరికి రాగానే ఫోటో జతచేసి కంపెనీకి ఈమెయిలు పెట్టండి, మీ గ్రూపులో ఎంతమంది ఒప్పుకుంటే అంతమంది పేర్లతో.

అక్కా, ప్యారిస్‌లో బేకరీకి వెళ్తే అమ్మే ఆవిడ నన్ను చూసీ చూడనట్టు వదిలేసి, నా వెనకొచ్చిన అతనితో నవ్వుతూ మాట్లాడింది. రంగు చూసేనా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

అయ్యుండొచ్చు తమ్ముడూ. కానీ లోపలికెళ్ళగానే ‘బోంజూర్’ అన్నావా? ఫ్రాన్సులో కొట్లోకి అడుగుపెట్టి ఆ పలకరింపు లేకుండా ‘వన్ క్రసాంట్’ అంటే, మన ఊళ్ళో పెద్దావిణ్ణి ‘ఏయ్, అదివ్వు’ అన్నట్టే. నీ వెనకతను ఆ మాట అనే ఉంటాడు. మర్నాడు బోంజూర్ చెప్పి చూడు. అప్పుడూ నిన్ను దాటేసి వెనకవాణ్ణి పిలిస్తే నీ అనుమానం నిజమే. ‘జ్ ఎతే లా’, నేను ముందున్నాను అని చెప్పి కదలకుండా నిలబడు. యూరోపియన్ యూనియన్‌లో సరుకులూ సేవలూ అందించేవాళ్ళు జాతి చూసి తేడా చేయకూడదని 2000 నుంచే ఆదేశం ఉంది. క్రసాంట్ కోసం కోర్టుకి ఎవరూ వెళ్ళరనుకో, న్యాయం ఎటుందో తెలిస్తే నిలబడడం తేలికవుతుంది.

అమ్మాయి పురుడికని డాలస్ దగ్గర ప్లానో వెళ్ళాను. పొద్దున్నే చీర మీద స్వెట్టరు వేసుకుని వాకింగుకి పోతుంటే కారులో కుర్రాళ్ళు ఏదో అరిచి, ఐసు ముక్కలున్న కూల్‌డ్రింకు గ్లాసు నా మీదికి విసిరారు. పచ్చి బాలింతని కంగారు పెట్టడమెందుకని అమ్మాయికి చెప్పలేదు. చీర నానబెట్టి ఉతుక్కున్నాను. మళ్ళీ గడప దాటలేదు, మోకాళ్ళ నొప్పులని చెప్పాను. ఇప్పుడు రెండో అమ్మాయి రమ్మంటోంది. వెళ్ళాలంటే కాళ్ళు రావట్లేదు.
— ఒక అమ్మ, గుంటూరు

పిన్నిగారూ, మొదట అమ్మాయికి చెప్పండి. అప్పుడు బాలింతని దాచారు, సరే. ఆ వీధిలో రేపు పిల్లాణ్ణి స్ట్రోలరులో తోసుకుంటూ నడవాల్సింది ఆ పిల్లే కదా. తెలిసుండాలి.

మీరు రాసిన ప్లానోలోనే 2022 ఆగస్టులో ఒక రెస్టారెంటు పార్కింగులో నలుగురు భారతీయ మహిళల మీద ఒకామె విరుచుకుపడింది. మీ దేశం పొండి అని బూతులు తిట్టి, చెయ్యి చేసుకుంది. వాళ్ళలో ఒకరు ఫోను తీసి వీడియో పట్టారు. పోలీసులు మర్నాడే ఆవిణ్ణి అరెస్టు చేశారు. ఆ వీడియోయే లేకపోతే ఇది ‘వాళ్ళు అలా అంటున్నారు, ఈవిడ ఇలా అంటోంది’ దగ్గర ఆగిపోయేది. అలాగని మీరు కూడా ఫోను పట్టుకుని కారు వెంట పడమనడం లేదు. వాళ్ళు నలుగురు, వెలుతురున్న చోటు, చుట్టూ జనం. మీరు ఒక్కరు, పొద్దున ఆరింటికి ఖాళీ వీధి. లెక్క వేరు.

ఖాళీ వీధిలో చేయాల్సింది ఇది. తిరిగి ఒక్క మాటా అనొద్దు. కారు ఎటు పోతోందో దానికి ఎదురు దిక్కుకి తిరిగి నడవండి, వాళ్ళు మళ్ళీ మీ దగ్గరికి రావాలంటే యూటర్ను తీసుకోవాలి. లైటు వెలుగుతున్న ఇల్లు కనపడితే ఆ గుమ్మం వైపు వెళ్ళండి. కారు రంగు, నంబరులో గుర్తున్న రెండు అక్షరాలు, టైము, వీధి పేరు ఇంటికి రాగానే క్యాలెండరు వెనకైనా సరే రాసిపెట్టండి, తెలుగులోనే రాయండి. గాయమైనా, కారు వెనక్కి వస్తున్నా 911. అంతా అయిపోయాక అయితే ఊరి పోలీసుల మామూలు నంబరుకి అమ్మాయి చేత ఫోను చేయించండి. ‘తెలుగు’ అని చెబితే ఫోనులోనే తెలుగు వచ్చిన మనిషిని కలిపే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. ఆ చీర మాత్రం ఈసారి వెంటనే ఉతక్కండి, మరకలతోనే ఫోటో తీయించాలి.

ఇంకో సంగతి చెప్పక తప్పదు. భయపెట్టడానికి కాదు, మనలా పిల్లల ఇళ్ళకి వెళ్ళే అమ్మానాన్నలందరికీ ఇది తెలియాలి. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రం మాడిసన్ ఊళ్ళో సురేష్‌భాయ్ పటేల్ అనే గుజరాతీ పెద్దమనిషి, యాభై ఏడేళ్ళాయన, మనవణ్ణి చూసుకోవడానికి వచ్చి కొద్ది రోజులే అయింది, కొడుకు ఇంటి చుట్టుపక్కల నడుస్తున్నాడు. ఎవరో నల్లటి సన్నటి మనిషి ఇళ్ళ వంక చూస్తూ తిరుగుతున్నాడని పొరుగాయన ఒకడు పోలీసులకి ఫోను చేశాడు. వాళ్ళొచ్చి అడిగితే ఆయనకి వచ్చినవి ‘నో ఇంగ్లిష్’, ‘ఇండియా’ లాంటి ముక్కలే. పక్కకి కదలబోయాడని ఒక పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు. వెన్నెముక దెబ్బతిని కాళ్ళూ చేతులూ సరిగా పనిచేయకుండా పోయాయి. ఇదంతా పోలీసు కారు కెమెరాలో ఉంది. గవర్నరు మన కాన్సులేటుకి క్షమాపణ చెప్పాడు. ఆ పోలీసు మీద కేసు రెండుసార్లు విచారించినా జూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, 2016లో జడ్జి కొట్టేసింది. కుటుంబం వేసిన సివిల్ దావాలో మాత్రం పరిహారం వచ్చింది.

ఇందులోంచి మనం పట్టుకోవాల్సింది ఒక్కటే. పోలీసు ఆగమంటే అక్కడే ఆగిపోవాలి. మన దగ్గర పెద్దవాళ్ళు ‘ఏంటి బాబూ’ అంటూ దగ్గరికి వెళ్తారు, అర్థం కాకపోతే ఇంటి వైపు నడుస్తారు. అక్కడ రెండూ వద్దు. చేతులు కనపడేలా ఉంచండి. కాగితం తీయడానికి కూడా కొంగులోకో స్వెట్టరు జేబులోకో చెయ్యి పెట్టొద్దు. అందుకని కాగితం లోపల పెట్టకండి, మెళ్ళో వేసుకోండి. ఆఫీసువాళ్ళు ఐడీ కార్డు వేసుకునే తాడుంటుంది చూడండి, అది. అందులో అమ్మాయి చేత పెద్ద అక్షరాలతో ఇంగ్లిషులో రాయించండి: నాకు తెలుగే వచ్చు, మా అమ్మాయి ఇంటికొచ్చాను, ఇదీ అడ్రసు, ఇదీ ఫోను. వెళ్ళిన మొదటి వారం అమ్మాయినో అల్లుణ్ణో వెంటబెట్టుకుని అటూ ఇటూ ఇళ్ళవాళ్ళకి ‘మా అమ్మ’ అని చూపించమనండి. నా లెక్కలో కార్డు కంటే ఇదే గట్టిది. తెలిసిన మొహం గురించి ఎవరూ పోలీసులకి ఫోను చేయరు.

వాకింగు మానకండి పిన్నిగారూ. వీలైతే ఇంకో ఇద్దరు అమ్మల్ని కలుపుకోండి. ప్లానో, ఫ్రిస్కో, అర్వింగ్‌లలో మనవాళ్ళకేం కొదవ? పొద్దున ఆరింటికి కాకుండా, పిల్లల స్కూలు బస్సులొచ్చే వేళకి బయల్దేరండి. వీధి నిండా జనం ఉంటారు.

విదేశాల్లో బొట్టు తీసేస్తే, చీర మానేస్తే గొడవుండదు కదా?
— పేరు వద్దన్నారు, తెనాలి

తీసేయాలనిపిస్తే తీసేయండి, మీ నుదురు మీ ఇష్టం. అయితే రక్షణ కోసమని మాత్రం తీయకండి. 1987లో న్యూజెర్సీలో జెర్సీ సిటీ చుట్టుపక్కల మనవాళ్ళ మీద పడి కొట్టిన ముఠా తమకి తామే ‘డాట్‌బస్టర్స్’ అని పేరు పెట్టుకుంది. డాట్ అంటే మన బొట్టే. ఆ రోజుల్లో పక్కనున్న హోబోకెన్‌లో కుర్రాళ్ళ గుంపు కొట్టి చంపిన నవ్‌రోజ్ మోదీ మగవాడు, పైగా పార్సీ. ఆయన బొట్టు పెట్టుకునే మనిషే కాదు. 2017లో కాన్సాస్‌లో మన హైదరాబాదు కుర్రాడు కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చినవాడు, ఇరాన్‌వాళ్ళని కాల్చానని వేరే ఊరి రెస్టారెంటులో చెప్పుకున్నాడు. కొట్టేవాడు మన బట్టలు చూసి, ఊరు కనుక్కుని కొట్టడు.

మా అమ్మాయికి డబ్లిన్‌లో ఎమ్మెస్ సీటొచ్చింది. ఫీజు కట్టేశాం. ఇప్పుడు బంధువులంతా ఐర్లండ్‌లో మనవాళ్ళని కొడుతున్నారంటున్నారు. పంపమంటారా, వద్దంటారా?
— ఒక తండ్రి, కరీంనగర్

అన్నగారూ, బంధువులు చెప్పేది పుకారు కాదు. 2025 జులైలో డబ్లిన్ శివారు టాలాట్‌లో ఒక భారతీయుణ్ణి గుంపుగా కొట్టి, బట్టలు లాగేశారు. పైగా ఆయన మీదే లేనిపోని నింద ప్రచారంలో పెట్టారు. ఆ తర్వాత మరికొన్ని దాడులు జరిగితే మన రాయబార కార్యాలయం ఆగస్టులో హెచ్చరిక ఇచ్చింది, నిర్మానుష్యమైన చోట్లకి, అందులోనూ వేళ కాని వేళ వెళ్ళొద్దని. అప్పటి అధ్యక్షుడు మైకేల్ హిగిన్స్ ఆ దాడుల్ని ఖండించారు. అక్కడి ఆస్పత్రుల్లో మన నర్సులూ డాక్టర్లూ ఎంతమంది ఉన్నారో ఐర్లండ్‌వాళ్ళకి బాగా తెలుసు.

పంపండి. నా మాట అదే. కానీ అద్దె ఇల్లు చౌకలో చూడకండి. నెలకి కాస్త మిగులుతుందని ఊరి చివర గది తీసుకుని, పార్ట్‌టైము షిఫ్టు రాత్రి పదకొండింటికి దిగి, ఆఖరి బస్సు పోతే చీకట్లో నడిచొచ్చే పిల్లల్ని నేను చూశాను. గదీ, పనీ, ఆఖరి బస్సూ, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని కుదిరితేనే అడ్వాన్సు కట్టమనండి.

ఇంకోటి. ఏదైనా జరిగితే ‘పోలీసు కేసు పెడితే వీసా పాడవుతుంది’ అని చెప్పే సీనియర్లు ఆ ఊళ్ళో తప్పకుండా ఉంటారు. వినొద్దని చెప్పండి. దెబ్బతిన్నవాళ్ళు ఫిర్యాదు చేసినంత మాత్రాన వీసా పోదు. 112 గానీ 999 గానీ ఫోను చేయాలి. అక్కడి పోలీసుల్ని గార్డా అంటారు. ద్వేషంతో చేసిన నేరాలకి శిక్ష పెంచే చట్టం ఐర్లండ్‌లో 2024లో వచ్చింది. అయితే, ‘కొట్టారు’ అని మాత్రమే రాయిస్తే అది మామూలు దెబ్బలాట కేసవుతుంది. కొడుతూ ఏమన్నారో, ఆ బూతు మాటతో సహా, స్టేట్‌మెంటులో ఉండాలి. మన పిల్లలు సిగ్గుపడి ఆ ముక్కే వదిలేస్తారు. అసలు కావాల్సింది అదే. ఆస్పత్రి కాగితం జాగ్రత్త చేయాలి. రాయబార కార్యాలయం పలక్కపోతే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్లో మీరు కరీంనగర్‌లో కూర్చునే ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

లండన్ నుంచి వచ్చే రైల్లో ఒక తాగుబోతు మా స్నేహితురాలిని ‘కంపు కొడుతున్నావు’ అని మొదలెట్టి నానా మాటలూ అన్నాడు. మేం ముగ్గురం పక్కనే ఉన్నాం. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం. దిగాక ఆమె మాతో మాట్లాడలేదు. మేమేం చేసుండాల్సింది?
— విశాఖపట్నం

వాడితో తగువు పెట్టుకోవాల్సింది కాదు. ఆమెతో మాట్లాడాల్సింది. లేచి వెళ్ళి ఆమెకీ వాడికీ మధ్య సీటులో కూర్చుని, వాడి వంక చూడకుండా, ‘ఇంటికెళ్ళాక చారు పెడదామా, పప్పు పెడదామా’ అని తెలుగులో మొదలెట్టాల్సింది. వినేవాళ్ళు లేకపోతే తాగుబోతు ఎంతసేపని అరుస్తాడు? మీలో ఇంకొకరు ఆ టైములో బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసులకి మెసేజి పెట్టొచ్చు. 61016, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ రైళ్ళన్నిటికీ అదే. ఫోను చెవి దగ్గర పెట్టాల్సిన పని లేదు, ఏ రైలు, ఏ పెట్టె, తర్వాతి స్టేషనేదో రాస్తే చాలు. చెయ్యి లేస్తే మాత్రం 999.

కాన్సాస్‌లో శ్రీనివాస్ మీదా, అతని స్నేహితుడు అలోక్ మాదసాని మీదా కాల్పులు జరిగినప్పుడు ఇయాన్ గ్రిలట్ అనే అమెరికా కుర్రాడు, వాళ్ళెవరో కూడా తెలీనివాడు, తుపాకి మనిషిని పట్టుకోబోయి తూటా తిన్నాడు. ప్రాణం దక్కింది. హ్యూస్టన్‌లో మనవాళ్ళు చందాలేసుకుని, ఇల్లు కొనుక్కోవడానికి అతనికి లక్ష డాలర్లిచ్చారు. మీరు అంత చేయనక్కర్లేదు, చేయమని నేనెవరికీ చెప్పను కూడా. సీటు మారడానికి తూటాలకి ఎదురు నిలవక్కర్లేదు కదా.

ఇప్పటికైనా ఆమెకి ఫోను చేయండి. ‘వాడు తాగున్నాడులే’ అనొద్దు. ‘నువ్వు మరీ పట్టించుకుంటావు’ అని అసలే అనొద్దు. ఆ రోజు మేం లేచి రావాల్సింది అనండి. ఆమె తిడితే పడండి.

కెన్యా సఫారీలో మా గ్రూపులో కొందరు డ్రైవరు ఎదురుగానే తెలుగులో అతని రంగు మీద జోకులేశారు. అతనికి అర్థం కాదు కదా, తప్పేముంది అంటారు. మీ అభిప్రాయం?
— వరంగల్

అర్థమవుతుందండీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టీరింగు ముందు కూర్చుని, ప్రతి దేశం వాళ్ళ నవ్వునీ వెనక అద్దంలో చూసే మనిషికి, ఏ నవ్వు సింహం గురించో ఏది తన గురించో తెలీదనుకోకండి.

టోలిచౌకిలో అద్దె ఇంటి కోసం తిరిగే ఆఫ్రికా విద్యార్థుల్ని అడిగితే మన మర్యాద ఎంతో చెబుతారు. 2014లో ఢిల్లీలో అరుణాచల్ కుర్రాడు నిడో తానియాని, జుట్టు మీద వెక్కిరింపుతో మొదలై, కొట్టి చంపింది మనవాళ్ళే. మనకి జరిగితే ఎంబసీ రావాలి, మనం చేస్తే జోకు. పైన రాసిన సురేష్‌భాయ్ సంగతి మళ్ళీ చదవండి. పొరుగాయన పోలీసులకి ఏమని చెప్పాడు? నల్లటి మనిషి అని. మీ గ్రూపువాళ్ళు కెన్యాలో వేసిన జోకే అమెరికాలో వాళ్ళ నాన్నకి ఎదురు రావచ్చు.

తిరుగు ప్రయాణానికి ముందు ఆ డ్రైవరుకి టిప్పు ఇచ్చారా, లేక ఆ రోజు చిల్లర లేదా?

ఎయిర్‌పోర్టు గేటు దగ్గర అందర్నీ వదిలేసి మా కుటుంబం క్యాబిన్ బ్యాగులే తూచారు. ఎక్సెస్ కట్టించుకున్నారు. ఇది వివక్ష కాదా?
— నెల్లూరు

అక్కడికక్కడే ‘ఆర్ యూ వేయింగ్ ఎవ్రీవన్స్ బ్యాగ్స్?’ అని అడగాల్సింది. అడిగి, డబ్బు కట్టి, రసీదు తీసుకుని విమానం ఎక్కాలి. గేటు దగ్గర గట్టిగా వాదిస్తే ఎక్కించకుండా ఆపే అధికారం వాళ్ళకుంది. ఎంత న్యాయం మన వైపున్నా విమానం వెళ్ళిపోతుంది. దిగాక ఎయిర్‌లైన్సుకి రాసి పంపండి. అమెరికాకి పోయే, అక్కణ్ణించి వచ్చే విమానమైతే అక్కడి రవాణా శాఖకీ వివక్ష ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఆన్‌లైన్లో ఫారం ఉంటుంది. గేటు నంబరు, టైము, వదిలేసినవాళ్ళ బ్యాగులు ఏ సైజువో రాయండి. బోర్డింగు పాసు ముక్క పారేయకండి.

అన్నట్టు, మీ బ్యాగులు ఎన్ని కేజీలు తూగాయో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు.